కొట్టేసిన మాట కింద చుక్కలు

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 9

పిన్నీ,

నువ్వు పంపిన కవరు అందింది. పోయినవారం నా బ్లాగులో రాసిన రెండు పేజీలకి పదిహేడు ఎర్రగీతలు! తెరిచి చూస్తుంటే పక్క సీటాయన తొంగిచూసి, "ఏమ్మా, పరీక్ష పోయిందా?" అన్నాడు. మా పిన్ని అచ్చాఫీసులో ముప్పయ్యొక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దింది, రిటైరయ్యాక చేతికి నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు అని చెప్పాను. బ్లాగు సంగతి చెప్పలేదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఒకచోట వాక్యాన్ని కొట్టేసి, మళ్ళీ దాని కింద వరసగా చుక్కలు పెట్టావు. అదేమిటి?

ఇంకో మాట, బతిమాలుకుంటున్నాను. దిద్దుబాట్లు ఇలా పోస్టులోనే పంపు. బ్లాగు కింద నువ్వే స్వయంగా రాయకు. పోయినవారం లైబ్రరీ కంప్యూటర్లోంచి "మా ఇంటి మెట్లు పదకొండు, పన్నెండు కాదు" అని రాసి, దాని కింద నీ పూర్తి పేరూ, ఈమెయిల్ చిరునామా కూడా పెట్టావు. లోకమంతా చదివే చోట! రెండు రోజుల తర్వాత చూసుకుని తీసేశాను. అందులో నా పేరే ఎక్కడా ఉండదు, అమ్మ పెట్టిన ‘చీమ’ తప్ప. నువ్వేమో ‘ఎర్రకలం పిన్ని’వి. ఇంత జాగ్రత్తగా కప్పిన ముసుగుని ఒక్క మెట్టు కోసం లాగి అవతల పారేశావు. కోపం రాలేదులే. పడీ పడీ నవ్వాను.

నా పనేమిటని మళ్ళీ అడిగావు. ఏడోసారి చెప్తున్నాను. కంపెనీలు మమ్మల్ని పిలిచి, మా కంప్యూటర్లలోకి దొంగలు ఎలా రాగలరో మీరే వచ్చి చూపించండి అంటాయి. వాళ్ళ అనుమతితోనే దొంగతనం చేసి, ఎక్కడ గడియ సరిగ్గా పడలేదో రాసిస్తాం. నిన్న ఒక పెద్ద ఆఫీసరుగారి మెయిల్ పెట్టెలోకి పది నిమిషాల్లో దూరాను. పాస్‌వర్డు మర్చిపోయానని నొక్కితే, నువ్వు నువ్వేనా అని తేల్చుకోడానికి పెట్టె కొన్ని ప్రశ్నలు వేస్తుంది. మీ మొదటి కుక్క పేరేమిటి అంది. ఆయన ఆ కుక్క ఫోటో, పేరు, పుట్టినరోజు అన్నీ లోకానికి చూపించుకుని ఉన్నాడు. ఇంకేం కావాలి? తర్వాత ఆయన ముఖం పాలిపోయింది పాపం. ఊరుకున్నానా, అరగంట క్లాసు పీకాను.

రోజంతా మనుషుల్ని అనుమానించే ఉద్యోగం నాది. అందుకే ఇంటికి రాగానే బ్లాగు ముందు కూర్చుంటాను. అక్కడ అమ్మ, నువ్వు, మీ చిన్నప్పటి ఇల్లు, మీ పిల్లి మహారాణి. అమ్మ పోయి రెండేళ్ళవుతోంది. రాసిన రోజున మాత్రం పక్కగదిలో ఏదో సర్దుకుంటున్నట్టే ఉంటుంది.

మిషన్ల మోతకి చెవులు సగం పోగొట్టుకున్నావు, ఎదురుగా ఉంటే తప్ప మాట అందదు కాబట్టి మనకి ఫోను యోగం లేదు. త్వరగా రాయి.

నీ చీమ


మా ఇల్లు, వంటగది బల్ల
ఫిబ్రవరి 17

చీమకు, ముద్దులూ మొట్టికాయలూ సమానంగా.

పేరూ చిరునామా లేకుండా వచ్చిన పాఠకుల ఉత్తరాలని మా అచ్చాఫీసులో విప్పకుండానే బుట్టలో వేసేవాళ్ళం. ధైర్యంగా తప్పు పట్టేవాడు ధైర్యంగా పేరు కూడా పెట్టాలి. నేను అలా పెరిగాను. అయినా నువ్వు చెప్పావు కాబట్టి ఇక రాయను. మెట్లు మాత్రం పదకొండే.

చుక్కల సంగతి చెప్తాను. ఒక్కోసారి చెయ్యి ముందు, బుర్ర వెనక. మంచి వాక్యాన్ని తొందరపడి కొట్టేస్తాం. తర్వాత నాలిక్కరుచుకుని, కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడతాం. ‘ఉండనీ’ అని అర్థం. చుక్కలు పడ్డాక ఆ మాటని ఇంకెవరూ ముట్టుకోకూడదు, యజమానైనా సరే. నువ్వు అమ్మ చేతుల గురించి రాసిన వాక్యం అది. ముందు అతిగా ఉందనిపించింది. మళ్ళీ చదివితే ఉండాలనిపించింది.

మంగళవారం మంగళవారం లైబ్రరీలో నాకో గంట కంప్యూటరు ఇస్తారు. ముప్పావు గంట నీ బ్లాగు, పావుగంట అక్క మెయిళ్ళు. ఆరేళ్ళలో అక్క నాకు రాసినవి నూట అరవై మూడు ఉన్నాయి. వారానికి ఒకటి చొప్పున వరసగా చదువుతున్నాను. ఒకేసారి చదివేస్తే అయిపోతాయిగా, అందుకని. అక్క ఉన్నప్పుడు వాటిని ప్రింటు తీయించి, ఎర్రగీతలు పెట్టి తనకే పోస్టు చేసేదాన్ని. మీ అమ్మ సంగతి నీకు తెలుసు, చినుకు పడితే వరదొచ్చిందని రాసే మనిషి. నా దిద్దుబాటు ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. తిరుగు టపాలో పంపనూ లేదు.

వేళకి తిను. నీ బ్లాగులో భోజనం ప్రస్తావన తక్కువగా ఉంటోంది, నేను గమనిస్తున్నాను.

పిన్ని


ఆఫీసు
ఏప్రిల్ 2

పిన్నీ,

నెల దాటింది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫిబ్రవరి అయ్యేలోపే బ్లాగులో మూడు రాశాను: మీ గొడుగు మాస్టారి గురించి, ఆకుపచ్చ సైకిలు గురించి, అమ్మ నిన్ను ‘కందిరీగ’ అని పిలవడం గురించి. ఒక్క ఎర్రగీత కూడా రాలేదంటే నాకు భయంగా ఉంది. నేను అంత బాగా రాయనని నాకు తెలుసు.

ఒంట్లో బాగుందా? రెండు ముక్కలు రాసినా చాలు.

చీమ


మా ఇల్లు
ఏప్రిల్ 10

చీమకు,

బాగానే ఉన్నాను. కాస్త నలత, అంతే.

రెండు తప్పులున్నాయి, సరిచెయ్యి. మా పిల్లి పేరు మహారాణి కాదు. బంతి. మాకు మొదట చదువు చెప్పింది గొడుగు మాస్టారు కాదు, కళ్ళజోడు మాస్టారు. పాత పేజీలన్నిటిలోనూ వెతికి మార్చు. ఆలస్యం చెయ్యకు.

పిన్ని


ఇల్లు, బాల్కనీ
ఏప్రిల్ 19

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ముద్దుల్లేవు, మొట్టికాయలూ లేవు. "వేళకి తిను" కూడా లేదు. ఇది నువ్వేనా?

పిల్లి సంగతి. నా దగ్గర ఒక ఫోటో ఉంది. నీకు ఎనిమిదేళ్ళుంటాయి, ముందరి పళ్ళు రెండూ లేవు. ఒళ్ళో పిల్లి. వెనక అమ్మ చేతిరాత: "చెల్లీ, మహారాణీ, ఎవరు ఎవర్ని మోస్తున్నారో తెలియదు." బంతి అని రాసి లేదు పిన్నీ. గొడుగు మాస్టారి కథ కూడా నువ్వు చెప్పిందే. ఎండలోనూ, గదిలోనూ కూడా గొడుగు వేసుకునే ఉండేవాడని చెప్పి, చీపురు పట్టుకుని నటించి చూపించావు. నేను నవ్వలేక కిందపడ్డాను.

నేను పొరపాటు పడ్డానేమో. నువ్వే ఇంకోసారి ఆలోచించి చెప్పు. నీ మాట కాదనడం నాకిష్టం లేదు. కానీ అమ్మ రాసింది మార్చడానికి చెయ్యి రావడం లేదు.

చీమ


మా ఇల్లు
ఏప్రిల్ 28

చీమకు,

ఆలోచించడానికేం లేదు. ఎవరి పిల్లి? నాదా, నీదా?

ఇంకా రెండున్నాయి. సైకిలు ఆకుపచ్చది కాదు, ఎర్రది. అక్క నన్ను కందిరీగ అని ఎప్పుడూ పిలవలేదు. ఆ పేజీ మొత్తం తీసెయ్యి.

నేను చెప్పినట్టు చేస్తావా, చెయ్యవా?

పిన్ని


ఆఫీసు, మెట్ల మీద
మే 6

పిన్నీ,

ఇది రాయడానికి లోపల మనుషులున్నారని మెట్ల మీదకొచ్చి కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను.

చివరి వారంలో అమ్మ కళ్ళు మూసుకునే ఉండేది. నువ్వు గదిలోకి అడుగు పెడితే మాత్రం, కళ్ళు తెరవకుండానే, "కందిరీగ వచ్చిందా?" అనేది. నువ్వు వెంటనే, "వచ్చింది, కుట్టడానికే వచ్చింది" అనేదానివి. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. నా చెవులతో విన్నాను. అది కూడా నువ్వు మర్చిపోయావా?

కోప్పడకు. పెద్దవాళ్ళకి జ్ఞాపకం తగ్గడం తప్పేం కాదు. తొందరగా చూపిస్తే మందులున్నాయట. మీ దగ్గర ఉన్న ఒక డాక్టరమ్మతో మాట్లాడాను. వచ్చే నెల పదకొండున నీకు సమయం ఇచ్చింది. కాగితం ఇందులో పెడుతున్నాను. నేను సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం కలిసే వెళ్దాం. నువ్వు ఒంటరిగా వెళ్ళాల్సిన పని లేదు.

నాకు అమ్మ తర్వాత నువ్వే పిన్నీ. ఇంకెవరూ లేరు.

చీమ


మా ఇల్లు, వంటగది బల్ల
మే 15

చీమకు, ఈసారి అన్నీ మొట్టికాయలే.

నా మతి నిక్షేపంలా ఉంది. కావాలంటే విను. నువ్వు పుట్టినప్పుడు రెండు కిలోల ఆరువందల గ్రాములు. మూడో తరగతిలో నీకు లెక్కల్లో పన్నెండు మార్కులొస్తే అది ఇరవై ఒకటని ఇంట్లో చెప్పావు. నీకా తెలివి అప్పుడే ఉంది, ఉద్యోగం ఊరికే రాలేదు. నీ డాక్టరమ్మ కాగితంలో ఫోను నంబరు పైన ఒకలాగా, కింద ఒకలాగా ఉంది. ఎర్రకలంతో చుట్టి ఆవిడకే తిప్పి పంపాను. ఆవిడ మతి ఎవరు పరీక్షిస్తారో కనుక్కో.

నువ్వు సెలవు పెట్టక్కర్లేదు. నేను చెప్పిన నాలుగూ మార్చు, చాలు. ఎందుకని అడగకు. జన్మలో నిన్నేమీ కోరలేదు, ఇదొక్కటి చెయ్యవే తల్లీ.

మంగళవారాలు లైబ్రరీకి వెళ్ళడం మానేశాను. మెట్లెక్కలేకపోతున్నాను.

పిన్ని


ఆఫీసు
జూన్ 4

పిన్నీ,

మీ లైబ్రరీకి మెట్లు లేవు. వీధిలోంచి నేరుగా లోపలికి నడిచిపోవడమే. కిందటేడు నిన్ను నేనే దింపాను.

నిన్న ఒక కంపెనీలో క్లాసు చెప్తున్నాను. మెయిల్ పెట్టెలు అడిగే ప్రశ్నలు బోర్డు మీద వరసగా రాశాను. మీ పెంపుడు జంతువు పేరేమిటి? మీ మొదటి మాస్టారెవరు? మీ మొదటి సైకిలు రంగేమిటి? చిన్నప్పుడు మిమ్మల్ని ముద్దుగా ఏమని పిలిచేవారు? నాలుగోది రాసి వెనక్కి తిరిగాను. నలభైమంది నా ముఖం వంక చూస్తున్నారు. మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికొచ్చేశాను.

బంతి, కళ్ళజోడు మాస్టారు, ఎర్ర సైకిలు, లేని ముద్దుపేరు. నువ్వు ఏమీ మర్చిపోలేదు. ఏవి దాచాలో నీకు తెలుసు.

ఆఫీసుకొచ్చే మెయిళ్ళలో మాయదారివి ఏరి పక్కన పడేసే జల్లెడ మాకొకటుంది, దాన్ని పెట్టింది నేనే. పక్కన పడేసినవాటి జాబితా తెరిచి వెతికాను. మార్చి 3, మంగళవారం. నీ చిరునామా నుంచి నాకు ఒక మెయిలు: "ఇది చూడు, ఇందులో నీ ఫోటో ఉంది." కింద నొక్కమని ఒక లింకు. నువ్వు జన్మలో నాకు మెయిలు రాయలేదు. జల్లెడ దాన్ని పట్టుకుంది. నేను చూసుకోలేదు.

ఫిబ్రవరిలో నీ చిరునామా రెండు రోజులు నా బ్లాగు మీద ఉంది. జవాబులు నాలుగూ బ్లాగులో ఉన్నాయి. ఎవడో చదివాడు. ఆ ఆఫీసరుగారి కుక్క పేరుతో నేనేం చేశానో, మహారాణి పేరుతో వాడూ అదే చేశాడు. అవునా?

ఏం పోయింది పిన్నీ? నిజం చెప్పు. ఈసారి దిద్దకుండా చెప్పు.

చీమ


మా ఇల్లు
జూన్ 12

చీమకు,

దొరికిపోయాను. దొంగల్ని పట్టే పిల్ల దగ్గర దాచగలననుకోవడం నా బుద్ధితక్కువ.

మార్చి మూడున లైబ్రరీకి వెళ్తే పెట్టె తెరుచుకోలేదు. లైబ్రేరియన్ మంచి మనిషి, పక్కన కూర్చుని రెండు వారాలు ఎవరెవరికో రాసి దాన్ని తిరిగి ఇప్పించింది. ఈలోపు నా పేరుతో అచ్చాఫీసు వాళ్ళందరికీ పిచ్చి మెయిళ్ళు వెళ్ళాయి. అది పోనీలే, సిగ్గుపడి ఊరుకున్నాను. పెట్టె తెరిస్తే లోపల ఏమీ లేదు. వాడు పోతూ పోతూ అన్నీ తుడిచేశాడు. అక్క రాసినవి నూట అరవై మూడూ. వాడికి వాటితో ఏం పని? నేను ఎనభైతొమ్మిదో దాని దగ్గర ఉన్నాను. తొంభైలో ఏముందో నాకు గుర్తు లేదు. ఆ మాట మాత్రం నిజం, నాకు మతిమరుపే.

ఆ నాలుగు ప్రశ్నలకీ జవాబులు తెలిసినవాళ్ళెవరని లైబ్రేరియన్ అడిగింది. మా అక్కా నేనూ అన్నాను. అక్క లేదన్నాను. అన్నాక నీ బ్లాగు గుర్తొచ్చింది. దాని కింద నేను స్వయంగా పెట్టిన చిరునామా కూడా గుర్తొచ్చింది. తప్పు సగం నాదే చీమా. ఒక్క మెట్టు కోసం కక్కుర్తిపడ్డాను.

పెట్టె ఇప్పటికీ ఆ నాలుగే అడుగుతోంది. జవాబులు మార్చుకోమని లైబ్రేరియన్ చెప్పింది. మారిస్తే అబద్ధం రాయాలి. ముప్పయ్యొక్క ఏళ్ళు తప్పు రాయకుండా బతికినదాన్ని, ఫారంలో అబద్ధం నింపడం నా వల్ల కాలేదు. కథలో పిల్లి పేరు మారిస్తే ఎవరికీ పాపం రాదనుకున్నాను. అందుకే నిన్ను మార్చమన్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు బ్లాగు ఆపేస్తావు. నాకు తెలుసు. అక్క మెయిళ్ళు పోయాక అక్క గురించి చదువుకోడానికి నాకు మిగిలింది అదొక్కటే.

పిన్ని


ఇల్లు
జూన్ 20

పిన్నీ,

నలుగురికీ నీతులు చెప్పే నేను, అమ్మ మాటలు నీకు లేకుండా చేశాను. దొంగ ఎవడో నాకు తెలియదు, వాడికి తాళంచెవి ఇచ్చింది మాత్రం నేను. మీ ముచ్చట్లు రాసుకునేటప్పుడు నిన్నొకమాట అడగాలని కూడా తోచలేదు. అవి నావే అనుకున్నాను. సగం నీవి.

పోయినవి తిరిగి తేవడానికి ఆ మెయిలు కంపెనీకి రాశాను. ముప్పై రోజులు దాటితే వాళ్ళ దగ్గర కూడా ఉండవట. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఈ మంగళవారం వెళ్ళి జవాబులు మార్చు. యంత్రం నిజం అడగడం లేదు పిన్నీ. నీకూ దానికీ మధ్య ఒక గుర్తు అడుగుతోంది, అంతే. పిల్లి పేరేమిటంటే ‘గుమ్మడికాయ మెట్లెక్కింది’ అని రాయి. ఏ దొంగా ఊహించలేడు. దాంతో ఎన్ని అబద్ధాలాడినా దోషం లేదు. అబద్ధం పెట్టెకి చెప్పు, మనుషులకి వద్దు.

బ్లాగు మూసేస్తున్నాను. చివరి పేజీ రాసి ప్రింటు తీశాను, ఇందులో పెట్టాను. అమ్మ గురించి రాసిన మొదటి పేజీ కూడా పెట్టాను, అడ్డంగా గీత కొట్టి. అన్నీ అలాగే పోతాయి.

చీమ


మా ఇల్లు, వంటగది బల్ల
జూన్ 29

చీమకు,

నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను, చూసుకో. చివరి పేజీ అని రాసిందాన్ని మొత్తం కొట్టేశాను. కామాలు కూడా మిగల్చలేదు. నువ్వు గీత కొట్టిన మొదటి పేజీ కింద, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, చుక్కలు పెట్టాను. అరగంట పట్టింది. వేళ్ళు నొప్పి. నియమం నీకు తెలుసు.

ఒకటడుగుతాను. వాడు నూట అరవై మూడు తుడిచేశాడు. మిగిలినవి నువ్వు తుడిచేస్తే వాడికీ నీకూ తేడా ఏమిటి? నీ ముచ్చట్లలో సగం నావని ఇప్పుడు తెలిసిందిగా. అయితే నా సగం తీసెయ్యడానికి నువ్వెవరు? ఇక ముందు రాసినవి నాకు ముందే పంపు. ఏది లోకానికి, ఏది మన ఇంటికి అన్నది ఇద్దరం చూసి తేలుద్దాం. పిల్లి పేరు మహారాణే. ఎక్కడా మార్చకు.

మంగళవారం వెళ్ళాను. జవాబులు మార్చాను. లైబ్రేరియన్ నవ్వింది. ఏం రాశానో నీక్కూడా చెప్పను.

నువ్వు బాధపడితే అక్క నన్ను తిడుతుంది. పోయినవి పోయాయి. దిద్ది పంపిన ప్రింట్లయినా ఉంటే బాగుండేది. అక్క వాటిని కోపంతో అప్పుడే చించి పారేసి ఉంటుంది, చేజేతులా పంపాను.

వేళకి తిను.

పిన్ని


ఇల్లు, అమ్మ గది, నేల మీద
జూలై 7

పిన్నీ,

అమ్మ వస్తువుల అట్టపెట్టెలు ఆరున్నాయి. రెండేళ్ళుగా ఒక్కటీ విప్పలేదు. నువ్వెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు. వాటి మీద దుప్పటి కప్పి ఇస్త్రీబట్టలు పెట్టుకుంటున్నాను. నీ ఉత్తరంలో చివరి మాటలు చదివాక, బట్టలు తీసి మంచం మీద పడేసి, కత్తెర పట్టుకుని కూర్చున్నాను.

నాలుగో పెట్టెలో, శాలువా కింద, దారంతో కట్టిన కట్టలు ఆరు. ఏడాదికొకటి. అమ్మ ఏమీ చించలేదు పిన్నీ. లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. నూట అరవై ఉన్నాయి. మూడు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

అన్నిటి మీదా నీ ఎర్రగీతలు. "వరద రాలేదు, చినుకులు." "నలుగురు వచ్చారు, నలభైమంది కాదు." "ఏడ్చింది నేను కాదు, నువ్వు." ఇక్కడ నేలమీద కూర్చుని ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. తర్వాత చూశాను. నీ ప్రతి గీత కింద, నీలం సిరాతో, చుక్కలు. వరద కింద చుక్కలు. నలభైమంది కింద చుక్కలు. నీ గుర్తు నీ దగ్గరే నేర్చుకుని, నీ మీదే వాడింది. తిరుగు టపాలో ఎందుకు పంపలేదో తెలియదు. పంపితే నువ్వు మళ్ళీ కొట్టేస్తావని అయ్యుంటుంది.

అన్నిటికీ నకళ్ళు తీశాను, వాటిని నా దగ్గర ఉంచుకుంటున్నాను. అసలువి కట్టలతో సహా నీకు వస్తున్నాయి. ఒక్కటి మాత్రం కట్టలో పెట్టకుండా ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నువ్వు నాలుగు నెలలు వచ్చి ఉండి వెళ్ళాక, అమ్మ మొదటిసారి జబ్బు నుంచి కోలుకున్న ఏడాది రాసింది. మూలన నీ ఎర్రకలం వేసిన వరస సంఖ్య తొంభై.

అందులో అమ్మ వాక్యం: "నువ్వు రాకపోయి ఉంటే నేను బతికేదాన్ని కాదు." దాన్ని నువ్వు అడ్డంగా కొట్టేసి పక్కన రాశావు: "అతిశయం. పనిచేసింది మందులు. తీసెయ్యాలి."

కింద చుక్కలున్నాయి. మామూలువి కాదు, కాగితం వెనక్కి దిగేలా నొక్కి పెట్టినవి. పక్కన అమ్మ చేతిరాత: "ఉండనీ, కందిరీగా."

బ్లాగు మూయడం లేదు. ఇది మాత్రం అందులో రాయను. ఇది మన ఇంటిది.

చీమ


మా ఇల్లు, వంటగది బల్ల
జూలై 16

చీమకు, ఈసారి అన్నీ ముద్దులే.

కట్టలు క్షేమంగా అందాయి. బల్ల మీద ఆరూ వరసగా పెట్టుకున్నాను. పెట్టుకుని నిన్న వంట చెయ్యలేదు, నన్ను తిట్టకు. వారానికొకటే చదువుతాను, ఇంట్లోనే. మంగళవారమే.

దొరకని మూడింటి సంగతి నాకు తెలుసు. ఆ మూడింటిలో దిద్దడానికి ఏమీ కనిపించలేదు, అందుకని ప్రింటు తీయించలేదు. తప్పుల్లేనివే పోయాయి చూశావా. ఇన్నేళ్ళు ఏం ఉద్యోగం చేశానో ఏమో.

నువ్వు రాసి పంపిన కొత్త పేజీ బాగుంది. ఎర్రగీతలు నాలుగే. మెట్లు మళ్ళీ పన్నెండన్నావు.

తొంభైయవది ఇప్పుడు నా ముందే ఉంది. ఆ నాలుగు నెలలూ మందుల సీసాలు అందించడం తప్ప నేనేమీ చెయ్యలేదనుకున్నాను. అక్క పొగిడితే సిగ్గేసి కొట్టేశాను. ఆ గీత నాది. దాని కింద చుక్కలు పడి ఐదేళ్ళయింది, నేనివాళ చూస్తున్నాను. ఎర్రకలం తీసి, మూత పెట్టి, సొరుగులో వేశాను. చుక్కలు పడ్డ మాటని ముట్టుకోకూడదు. ముట్టుకోను.

కందిరీగ